పళ్ళ పిన్ని పరిచయాలు

కొత్త మనిషి ఎదురైతే కొందరు చెప్పులు చూస్తారు, కొందరు చేతి గడియారం చూస్తారు. పళ్ళ పిన్ని నోరు చూసేది. అది మర్యాద కాదని ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఆమె దగ్గరికి మనుషులు వచ్చేదే అలాగ: తలా మొండెం లేకుండా, గులాబి రంగు అచ్చుల రూపంలో, ప్లాస్టిక్ కవర్లలో.

ఆమె కట్టుడు పళ్ళు చేసేది. డాక్టరు కాదు. డాక్టరు అచ్చు తీసి పంపిస్తే, అందులో సుద్ద కలిపి పోసి, గట్టిపడ్డాక దవడను బయటికి తీసి, పోయిన పన్ను చోట కొత్త పన్ను తయారుచేయడం ఆమె పని. పింగాణి పొడిని చుక్క నీళ్ళలో తడిపి, సన్నటి కుంచెతో పొర మీద పొర పేర్చి, టిఫిన్ డబ్బాకంటే కాస్త పెద్దదైన కొలిమిలో కాల్చాలి. చల్లారాక పక్క పన్నుతో పోల్చి చూసి, పెదవి విరిచి, మళ్ళీ మొదలుపెట్టాలి. పన్నుకు పైన ఒక రంగు, మధ్యలో ఒక రంగు, అంచున అసలు రంగే లేనట్టుండే ఒక రంగు ఉంటాయని చెబితే మామూలు మనుషులు నమ్మరు. వాళ్ళ దృష్టిలో పళ్ళు రెండే రకాలు, తోమినవీ తోమనివీ.

పళ్ళ పిన్ని అన్న పేరు అక్క కూతురు పెట్టింది. ఇంట్లోవాళ్ళకు అదే అలవాటైంది. అక్క పక్కింటావిడ మాత్రం చాలాకాలం ఈమెది పళ్ళ కొట్టనుకుని, దానిమ్మలు ఎప్పుడొస్తాయని అడుగుతూ ఉండేది. పిన్ని సరిదిద్దలేదు. పలకరించేవాళ్ళే తక్కువ, ఉన్న ఒక్కరినీ సరిదిద్ది పోగొట్టుకోవడం దేనికని ఊరుకుంది.

మందుల దుకాణం మీద రెండు గదులు, అదీ ల్యాబు. ఒక గదిలో పిన్ని, రెండో గదిలో మాస్టారు. కిటికీ తెరిస్తే ఎదురుగా పక్క మేడ గోడ. ఇద్దరి జుట్టు మీదా సాయంత్రానికి సుద్దపొడి పేరుకునేది. మాస్టారికి తెల్ల జుట్టు కాబట్టి తేడా తెలిసేది కాదు. పిన్ని మాత్రం బస్సులో కూర్చుంటే, పాపం ఇంత చిన్న వయసులోనే అని పక్కవాళ్ళు జాలిగా చూసేవారు.

పనిచేస్తూ ఆమె దవడలతో మాట్లాడేది. "ఏంటండీ, ఇలా కొరికారు? నిద్రలో ఎవరి మీద కోపం?" అనేది ఒకదానితో. ముందు పళ్ళ అంచున సన్నటి గాడి కనిపిస్తే, "ఏమ్మా, కత్తెర ఉండగా దారం పళ్ళతో తెంపుతావా?" అని మందలించేది. ఒకవైపే నమిలేవాళ్ళు, గోళ్ళు కొరికేవాళ్ళు, పెన్ను మూత నమిలేవాళ్ళు అందరూ ఆమెకు తెలుసు. సాయంత్రం వీధిలోకి వస్తే వాళ్ళే ఆమెను రాసుకుంటూ పోయేవారు, ఒక్కరూ ఎరగరు.

ఇంకొక సంగతి ఉంది. తాను చేసిన పన్ను నోట్లో ఎలా ఉంటుందో ఆమె ఎప్పుడూ చూడలేదు. పన్ను చిన్న డబ్బాలోకి వెళ్ళేది, డబ్బా కొరియర్ అతని సంచిలోకి వెళ్ళేది, అంతే. బాగాలేకపోతే తిరిగొచ్చేది. బాగుంటే రాదు. అంటే ఏ కబురూ లేకపోవడమే మెచ్చుకోలు. పిన్ని చేసినవి దాదాపు ఏవీ తిరిగొచ్చేవి కావు. అంత మెచ్చుకోలు మధ్య ఆమె ఒంటరిగా కూర్చుని ఉండేది.

ఒకరోజు మాస్టారు కుంచె కింద పెట్టి పిలిచారు.

"ఏమ్మా, ఇలా వచ్చి కూర్చో."

"కూర్చునే ఉన్నాను మాస్టారూ."

"అయితే లేచొచ్చి కూర్చో. ముఖ్యమైన మాట."

ఆమె వెళ్ళి కూర్చుంది. మాస్టారు రెండు చేతులూ బల్ల మీద చాచారు. అవి సన్నగా వణుకుతున్నాయి. కొంతకాలంగా ఆయన చేయాల్సిన ముందు పళ్ళన్నీ తన బల్ల మీదికి ఎందుకు వస్తున్నాయో ఆమెకు అప్పటికి అర్థమైంది.

"పట్నం కంపెనీవాళ్ళు మళ్ళీ వచ్చారు. ల్యాబు అమ్మమంటున్నారు. వాళ్ళకి ఈ అచ్చులూ సుద్దా ఏమీ అక్కర్లేదట. నోట్లో కెమెరా పెడతారట, అక్కడ యంత్రం చెక్కేస్తుందట. నాకేమో నీకిద్దామని ఉంది."

పిన్ని కుర్చీ ముందుకు లాక్కుంది.

"అంత సంబరపడకు. డాక్టర్లు పని పంపేది నా మొహం చూసి. వాళ్ళ పెళ్ళిళ్ళకి వెళ్ళాను, వాళ్ళ పిల్లల్ని ఎత్తుకున్నాను. నీ మొహం ఎవరికి తెలుసు?"

"మీకు తెలుసుగా."

"నాకు తెలిసి ఏం లాభం? నా పళ్ళు నాకున్నాయి." ఆయన నిట్టూర్చారు. "వెళ్ళు. నలుగురిలోకి వెళ్ళు. ఒక్క నలుగురు డాక్టర్ల చేత, మాస్టారు మానేసినా ఆ అమ్మాయికి పంపుతాం అనిపించు. ల్యాబు నీది. లేదంటే ఏడాది చివరికి వాళ్ళకిచ్చేస్తాను. నేనింక ఆగలేనమ్మా."

నలుగురిలోకి వెళ్ళమంటే ఎలా వెళ్ళాలో పిన్నికి తెలియదు. ఆదివారం అక్క ఇంటికి వెళ్ళి ఆ మాటే చెప్పింది. బావ కళ్ళు మెరిశాయి. ఆయన టైర్ల కంపెనీలో అమ్మకాలు చూస్తాడు. ఇన్నాళ్ళూ ఆయన విద్య ఇంట్లో ఎవరికీ పనికిరాలేదు.

"అమ్మయ్య, సరైన మనిషి దగ్గరికే వచ్చావు మరదలా! నెట్‌వర్కింగ్ అంటే ఏమనుకుంటున్నావు? టైర్లు అమ్మేవాడు టైర్ల మాట ఎత్తకూడదు. అవతలివాడి కారు గురించి అడగాలి."

"మరి నేను?"

"నువ్వు అవతలివాడి..." అని బావ ఆగి, కాసేపు ఆలోచించాడు. "నువ్వు ఎండల గురించి మాట్లాడు."

వంటింట్లోంచి అక్క అందుకుంది. "దాన్ని చెడగొట్టకండి. అంత నెట్‌వర్కు ఉన్నవాళ్ళు మొన్న గ్యాసు అయిపోతే పక్కింట్లో అడగడానికి నన్నెందుకు పంపారో!"

"అది నెట్‌వర్కు కాదే, అప్పు. రెండూ వేరు. నువ్వు ఇలా రా మరదలా. చెయ్యి చాపు. గట్టిగా పట్టుకో, కానీ నలపకు. ఇప్పుడు నవ్వు. కళ్ళలోకి చూడు. నోటికేసి కాదు తల్లీ! కళ్ళు, కళ్ళు! అవి కాస్త పైన ఉంటాయి."

"బావా, నీ కింది పన్ను అరిగింది. నిద్రలో పళ్ళు కొరుకుతున్నావా?"

"మీ అక్కతో కాపురం చేసేవాడు ఇంకేం కొరుకుతాడు?"

"ఏమన్నారు?" అంది అక్క.

"ఎండలు మండుతున్నాయన్నాను."

పిన్ని ఆరోజు కడుపుబ్బ నవ్వింది. సాయంత్రం తన ఒంటి గదికి వచ్చి తాళం తీసి, లైటు వేసి, అద్దం ముందు నిలబడి చెయ్యి చాపింది. అద్దంలో మనిషి కూడా చెయ్యి చాపింది. ఇద్దరూ ఎండల గురించి ఏమీ మాట్లాడుకోలేదు.

ఆ ఊళ్ళో నెలకోసారి, ఒక హోటల్ మేడ మీది హాల్లో యువ నిపుణుల కలయిక జరిగేది. బ్యాంకువాళ్ళు, ఇళ్ళ ప్లాన్లు గీసేవాళ్ళు, కంప్యూటర్ల వాళ్ళు, కొత్తగా క్లినిక్కులు పెట్టిన డాక్టర్లు వచ్చేవారు. దాన్ని నడిపే ఆవిడను అందరూ మైకు మేడం అనేవారు. ఉద్యోగాలకు వెళ్ళే కుర్రకారుకు మాట్లాడటం నేర్పే శిక్షణ కేంద్రం ఆవిడది. పొడవుగా, నిటారుగా ఉండేది, గొంతు హాలు చివరిదాకా వినిపించేది. "మన ఊరి పని మన ఊళ్ళోనే ఉండాలి! దానికి మనం ఒకరికొకరం తెలియాలి!" అని ఆవిడ అంటే చప్పట్లు మోగేవి.

మొదటిసారి వెళ్ళినప్పుడు పిన్నికి గుమ్మం దగ్గరే పేరు రాసిన చీటీ ఒకటి గుండెల మీద అంటించారు. ఆమె టీ కప్పు పట్టుకుని ఒక గుంపు అంచున నిలబడింది. ఇళ్ళ ప్లాన్లు గీసే యువకుడు ఒకడు తాను కడుతున్న మేడ గురించి చెబుతున్నాడు. పై వరసలో కోరపన్ను కొంచెం తిరిగి ఉంది, చాలా అందంగా ఉంది. పిన్ని మైమరిచి చూసింది. అతడు చెబుతూ చెబుతూ నాలుకతో పళ్ళు తడుముకున్నాడు. తర్వాత రుమాలుతో తుడుచుకున్నాడు. ఆమె ఇంకా చూస్తూనే ఉంది. అతడు "ఒక్క నిమిషం" అని చేతులు కడుక్కునే చోటికి వెళ్ళి, అద్దంలో అన్ని మూలలా వెతుక్కుని, తిరిగొచ్చి హాలుకు అవతలి చివర నిలబడ్డాడు. బ్యాంకమ్మాయి చున్నీ కొంగు అడ్డం పెట్టుకుంది. కాసేపటికి ఆ మూలనున్న వాళ్ళంతా ఎవరికి వాళ్ళు మూతి తుడుచుకుంటున్నారు. అక్కడి బిస్కెట్ల పళ్ళెం మాత్రం ఎవరూ ముట్టలేదు.

అప్పుడు ఆమెకు బావ మాట గుర్తొచ్చి నాలుక కరుచుకుంది. తర్వాత ఎదురైన కంప్యూటర్ల అతని కళ్ళలోకి రెప్ప వేయకుండా చూసింది. అతడు వెనక్కి ఒక అడుగు వేసి, "మీకు ఒంట్లో బాగానే ఉందా అండీ?" అన్నాడు.

డాక్టర్లలో ఒకడు ఆమెకు తెలుసు. అంటే అతని అచ్చులు తెలుసు. అందరికంటే శుభ్రంగా, బుడగ లేకుండా తీస్తాడు. ఆ నోట్లో చెయ్యి పెట్టినవాడికి ఓపిక ఉందని అచ్చు చూస్తేనే తెలిసేది. ధైర్యం కూడదీసుకుని ఎదురుగా వెళ్ళి నమస్కారం పెట్టింది.

"నమస్కారం. మీరు...?"

"ల్యాబండీ."

"ఓ, రక్త పరీక్షలా?" అన్నాడు. ఆమె కాదనేలోపు ఎవరో అతని భుజం మీద చెయ్యి వేసి లాక్కుపోయారు.

ఇంటికి వచ్చాక పేరు చీటీ ఊడదీసింది. చెత్తబుట్టలో వేయబోతే మనసొప్పలేదు. తన పేరు, ఎవరో ఒత్తి ఒత్తి అందంగా రాశారు. అది వేలికి అంటుకునే ఉంది. అలాగే అన్నం వండుకుంది.

ఆ తర్వాతి నెల కూడా వెళ్ళింది. వెళ్ళకపోతే మాస్టారికి ఏం చెప్పాలి? ఈసారి అందరినీ గుండ్రంగా కూర్చోబెట్టారు. ఒక్కొక్కరే లేచి తన పని ఏమిటో, దానివల్ల ఎవరికి మేలో ఒక ఉదాహరణతో చెప్పాలి. పిన్ని లోలోపల వల్లె వేసుకుంటోంది. ఎవరో ఏదో హాస్యమాడారు. మైకు మేడం తల వెనక్కి వాల్చి పెద్దగా నవ్వింది. పైనున్న దీపం వెలుగు సరిగ్గా ఆవిడ పై వరస మీద పడింది.

పిన్ని వల్లె వేయడం ఆగిపోయింది.

ముందు పన్ను, ఎడమ వైపుది. ఎలా మరిచిపోతుంది? ఒంటి ముందు పన్ను చేయడమంత కష్టం పళ్ళ పనిలో ఇంకోటి లేదు, పక్కనే దేవుడు చేసింది ఉంటుంది కాబట్టి. ఆ అచ్చుతో పాటు పెదవులూ పళ్ళూ మాత్రమే కనిపించే ఫోటో ఒకటి వచ్చింది. పక్క పన్ను అంచు దగ్గర పాలమీగడ తునకలా చిన్న తెల్లమచ్చ ఉంది. ఎవరూ గమనించరు. దాన్ని కూడా దించాలని పిన్ని పట్టుబట్టింది. చేసింది, విరగ్గొట్టింది, మళ్ళీ చేసింది. మాస్టారు విసుక్కున్నారు. చివరికి పంపించాక కూడా ఆ పన్ను వెనక్కి వస్తే బాగుండునని ఆమెకు లోలోపల ఉండేది. ఇంకొకసారి చూడవచ్చని.

అది ఇప్పుడు నవ్వుతోంది. పక్క పన్నుతో కలిసి, తడిగా, వెలుగు పడినచోట మెరుస్తూ, మాటకు అడ్డం రాకుండా, అసలెప్పుడూ ఊడని పన్నులాగ.

"చెప్పండి. మీరేం చేస్తారు?" మైకు మేడం ఆమె ముందుకే వచ్చి మైకు చాపింది. "భయపడకండి. ఒక ఉదాహరణ చెప్పండి చాలు."

వల్లె వేసినదంతా ఎగిరిపోయింది. పిన్ని మొహం విప్పారింది. ఆ హాల్లో ఆమె అంత నిండుగా నవ్వడం అదే మొదటిసారి.

"మీ ముందు పన్ను నేనే చేశానండీ!" అంది మైకులో.

బావ చెప్పినట్టు ఎండల గురించి మాట్లాడి ఉంటే ఎంత బాగుండేది!

 హాల్లో అన్ని తలలూ ఒకేసారి మైకు మేడం నోటికేసి తిరిగాయి. అందరూ పిన్నిలాగే చూశారు. వెనక వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. నోరారా నవ్వండి, అదే మీ పెట్టుబడి అని ఊరందరికీ నేర్పే ఆ మనిషి, పెదవులు మూసుకుని, వాటి మీద చెయ్యి అడ్డం పెట్టుకుంది. చెయ్యి తీయకుండానే మైకు పక్కవాళ్ళకిచ్చి బయటికి వెళ్ళిపోయింది.

తానేం చేసిందో పిన్నికి అప్పుడు తెలిసింది. తల కొట్టేసినట్టయింది. కూర్చుందామంటే కుర్చీ ఎక్కడుందో తెలియలేదు.

కిందటి నెల రక్త పరీక్షలా అని అడిగిన కొత్త డాక్టరు టీ కప్పు పట్టుకుని దగ్గరికొచ్చాడు. ఆ పన్నుకు అచ్చు పంపింది అతడే. "ఆ ల్యాబు మీరా?" అన్నాడు నెమ్మదిగా, ఇంకెవరికీ వినపడకుండా. "పేషెంటు నోట్లో సంగతి బయట పెడితే రేపు నా దగ్గరికెవరొస్తారండీ? నా గోడ మీద నేనే బురద చల్లించుకున్నట్టయింది."

"తప్పయిపోయిందండీ."

"అయిపోయింది," అని అతడు కప్పు అక్కడే పెట్టి వెళ్ళిపోయాడు.

మర్నాడు ల్యాబులో ఫోన్లు మోగాయి. మాస్టారు ఫోను చెవికి దూరంగా పట్టుకుని, అవతలి మాటలు అయిపోయే వరకూ గోడను చూస్తూ కూర్చున్నారు. ఆమె పేరు ఇప్పుడు డాక్టర్లందరికీ తెలిసింది. మాస్టారు తెలియజేసుకోమన్నది ఇలా కాదు.

"నోరు జారావటగా," అన్నారు.

"జారింది మాస్టారూ."

ఆయన ఫోను పక్కకు జరిపారు. ఇంక తిడతారని ఆమె తల వంచుకుని నిలబడింది.

"ఎలా ఉంది?" అన్నారు.

"ఏది?"

"పన్ను."

ఆమె తలెత్తింది. "పెట్టినట్టే లేదు మాస్టారూ. వెలుగు కూడా పక్కదానిలాగే పట్టింది. మనం రాత్రి దీపం కింద చూస్తే కొంచెం నీలంగా అనిపించేది కదా, అది నోట్లో లేదు. నవ్వితే రెండూ కలిసే నవ్వుతున్నాయి."

మాస్టారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. తుడిచినా మళ్ళీ పెట్టుకోలేదు. "ఇన్నేళ్ళలో నేను ఒక్కటి కూడా చూడలేదమ్మా," అన్నారు. తర్వాత గొంతు సవరించుకుని, "ముందెళ్ళి ఆవిడకి క్షమాపణ చెప్పు. ల్యాబు సంగతి తర్వాత చూద్దాం," అన్నారు.

శిక్షణ కేంద్రంలో మైకు మేడం గది అద్దాల గది. బయట కుర్చీల్లో కుర్రవాళ్ళు టైలు సరిచేసుకుంటూ ఉన్నారు. ఆవిడ తలుపు మూసి, తెర లాగి, పిన్నిని కూర్చోమనలేదు. మాట్లాడుతున్నంతసేపూ పై పెదవి కదలకుండా జాగ్రత్తపడుతోంది.

"ఎందుకలా అన్నారు?"

"నేను చేసిన పన్ను నవ్వడం ఎప్పుడూ చూడలేదండీ. చూసేసరికి ఆగలేకపోయాను. అంతకంటే నాకేం తెలీదు. క్షమించండి."

ఆవిడ బల్ల మీది పెన్ను అటూ ఇటూ జరిపింది. "నేను మర్చిపోయాను, తెలుసా? నిజంగా మర్చిపోయాను. స్కూటరు మీంచి పడ్డరోజు, ఆ ఆసుపత్రి, అద్దం చూసుకోవాలంటే ఏడుపొచ్చిన రోజులు, అన్నీ. అది నా పన్నే అనుకుంటూ తిరుగుతున్నాను. మీరు గుర్తుచేశారు."

తన పనికి ఇంతకంటే పెద్ద మాట ఎవరూ అనలేరని పిన్నికి తెలిసింది. ఆ మాట అన్న మనిషికి ఆ మరపును తానే పాడుచేసిందని కూడా తెలిసింది.

"మీ మాస్టారు ఫోన్ చేశారు. మీకు నలుగురి అండ కావాలట కదా," అంది ఆవిడ. "నేను నోరు విప్పితే నలుగురు కాదు, పదిమంది డాక్టర్లు వింటారు. కానీ మీ పని బాగుందని చెప్పాలంటే నా పన్ను చూపించాలి. అది నేను చెయ్యను."

"వద్దండీ. అందుకు రాలేదు."

"తెలుసు. మీరు మంచివాళ్ళే. అయినా చెయ్యను."

పిన్ని నమస్కారం పెట్టి తలుపు దాకా వెళ్ళింది.

"ఆగండి." ఆవిడ కిటికీ దగ్గరికి వచ్చి, వెలుగులోకి తిరిగి, పై పెదవి ఎత్తింది. "నిజం చెప్పండి. తెలుస్తోందా?"

పిన్ని దగ్గరగా వెళ్ళి చూసింది. ఎవరైనా చూడమని అడిగితే చూడటం ఎంత సుఖంగా ఉంటుందో! "తెలీదండీ. నాకు కూడా తెలీదు."

"అబద్ధం."

"నాకు తెలుస్తుంది," అంది పిన్ని. "ఇంకెవరికీ తెలీదు. మీరు నవ్వడం మానకండి మేడం."

"అది నా ఇష్టం," అని ఆవిడ పెదవి దించేసింది.

కొత్త డాక్టరు క్లినిక్కుకు కూడా వెళ్ళింది. పేషెంట్లు అయిపోయేదాకా బయట బెంచీ మీద కూర్చుంది. రిసెప్షన్ అమ్మాయి పంటి నొప్పి ఏ పక్కనో అడిగి రాసుకుంది కూడా. లోపలికి వెళ్ళాక మళ్ళీ అదే క్షమాపణ, అవే మాటలు. డాక్టరు గ్లోవ్స్ తీస్తూ ఆగాడు.

"ఎప్పుడూ చూడలేదా? ఒక్కటి కూడానా?"

"లేదండీ."

"డబ్బా పంపేస్తారు, అంతేనా?"

"అంతేనండీ. తిరిగి రాకపోతే బాగుందనుకుంటాం."

అతడు గ్లోవ్స్ బుట్టలో వేసి, సబ్బుతో చేతులు చాలాసేపు కడుక్కున్నాడు. "పని సంగతి కాదండీ, మీ నోటి సంగతే నా భయం," అన్నాడు చివరికి.

నలుగురు డాక్టర్లు మాట ఇవ్వలేదు. ఒక్కరూ ఇవ్వలేదు. ఏడాది చివరికి మాస్టారు ల్యాబు పట్నం కంపెనీకి రాసిచ్చేశారు. తాళాలు ఇచ్చేరోజు ఆయన ఆమె తల మీది సుద్దపొడి దులిపి, "ఏమీ అనుకోకమ్మా," అన్నారు. కంపెనీ అతను మర్యాదస్థుడే. పట్నంలో కంప్యూటరు తెర ముందు కూర్చునే ఉద్యోగం ఇస్తానన్నాడు.

"అక్కడికి పేషెంట్లు వస్తారా?" అని అడిగింది పిన్ని.

"పేషెంట్లా? అచ్చులు కూడా రావు మేడం!" అన్నాడు అతడు గర్వంగా.

ఆమె వెళ్ళలేదు. వెళ్ళకపోవడానికి కారణం అడిగితే అక్కకు సరిగ్గా చెప్పలేకపోయింది. "ఇప్పుడేం చేస్తావే?" అని అక్క కళ్ళనీళ్ళు పెట్టుకుంది. బావ టైర్ల కంపెనీలో లెక్కల పనికి అడుగుతానన్నాడు. ఆ ఆదివారం ఆయన ఒక్క హాస్యమూ ఆడలేదు. అందుకే పరిస్థితి ఎంత పాడైందో పిన్నికి అర్థమైంది.

పిన్ని గదిలో పగలంతా కూర్చున్న రోజులు కొన్ని గడిచాయి. చేతుల్లో సుద్ద లేకపోతే చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. పక్కింటావిడ ఒకరోజు అక్కతో, మీ చెల్లెలు కొట్టు మూసేసిందటగా, పాపం పళ్ళు కుళ్ళిపోయాయా అని అడిగిందట. ఆ మాట చెప్పి అక్క నవ్వించబోయింది. ఇద్దరూ సగం నవ్వారు.

అప్పుడు కొత్త డాక్టరు ఫోన్ చేశాడు.

"క్లినిక్కు వెనక గది ఒకటి ఖాళీగా ఉంది. కంప్రెసరు పక్కనే, మోత భరించాలి. నా పేషెంట్ల పళ్ళు మాత్రమే చెయ్యాలి. ఎక్కువ ఉండవు. మీకు సరేనా?"

"సరేనండీ," అంది, అతడు పూర్తిచేసేలోపే.

"పూర్తిగా వినండి. పేషెంటు ఒప్పుకుంటే, పన్ను పెట్టేటప్పుడు పిలుస్తాను. వచ్చి చూడొచ్చు. కానీ ఒక్క మాట మాట్లాడకూడదు. నమస్కారం కూడా పెట్టొద్దు."

అలా పళ్ళ పిన్నికి ఊళ్ళో ఒక పరిచయం ఏర్పడింది. మాస్టారు నలుగురన్నారు. వచ్చింది ఒక్కడే, వాడూ నోరు మూసుకోమన్నాడు.

వెనక గదికి కిటికీ ఒకటి ఉంది, వీధివైపు. డాక్టరు డ్రిల్లుకు గాలి కొట్టే కంప్రెసరు మోగినప్పుడల్లా కుంచె వణికేది. అది ఆగిన వేళలు చూసుకుని ముందు పళ్ళు పేర్చేది. మొదటి పన్ను ఒక పెద్దాయనది, బట్టతల మనిషి, బడిలో లెక్కలు చెప్పి మానేసినవారు. పై వరసలో రెండో పన్ను. పిన్ని ప్రాణం పెట్టి చేసింది.

పెట్టే రోజున డాక్టరు తలుపు సగం తెరిచి, వేలు పెదవుల మీద పెట్టుకుని సైగ చేశాడు. ఆమె మాస్కు కట్టుకుని వచ్చి గోడకు ఆనుకుని నిలబడింది.

"ఎవరీ అమ్మాయి?" అన్నారు పెద్దాయన.

"మా ల్యాబండీ."

"రక్తం తీస్తుందా?"

"తీయదండీ. ఊరికే చూస్తుంది."

పన్ను అతికింది. డాక్టరు అద్దం ఇచ్చాడు. పెద్దాయన పెదవి ఎత్తి, లెక్క సరిచూసినట్టు ఒకసారి చూసుకుని, మూసేసుకున్నారు. "బాగానే ఉంది," అన్నారు.

"ఒకసారి నవ్వండి," అన్నాడు డాక్టరు.

"ఎందుకు?"

"ఊరికే."

"ఊరికే నవ్వడం నాకు అలవాటు లేదు."

డాక్టరు ఆమెకేసి ఒకసారి చూశాడు. ఆ తర్వాత ఒక హాస్యం చెప్పాడు. కోతి ఒకటి పంటి డాక్టరు దగ్గరికి వెళ్ళిందట. అది ఎంత చప్పటి హాస్యమంటే, చెబుతున్న అతనికే మధ్యలో సిగ్గేసింది. పెద్దాయన చివరిదాకా మర్యాదగా విని, "తర్వాత?" అన్నారు. తర్వాతేమీ లేదు. ఆయన కర్ర తీసుకుని లేచారు. గోడ దగ్గర పిన్ని చేతులు కట్టుకుని, మాస్కు వెనక పళ్ళు బిగించి నిలబడింది. ఒక్క మాట మాట్లాడలేదు.

డాక్టరు చేతులు విప్పి, "ఏం చెయ్యను?" అన్నట్టు భుజాలెగరేశాడు. ఆమె తల ఊపి తన గదిలోకి వెళ్ళి, కంప్రెసరు పక్కన కూర్చుంది.

వీధిలోంచి ఫోను మోత వినిపించింది. ఎవరో ఎత్తారు. "ఆఁ, చెప్పరా... ఇంట్లో కోతి దూరిందా? మా డాక్టరు కూడా ఇప్పుడే ఒక కోతి కథ చెప్పాడు, ఆగు, చెబుతాను..." అని, చెప్పడం మొదలుపెట్టి, సగంలోనే పెద్దాయన పగలబడి నవ్వారు. వీధంతా వినిపించేలా, ఆపుకోలేక, దగ్గొచ్చేదాకా నవ్వారు.

పిన్ని కుర్చీ వెనక్కి తోసి కిటికీ దగ్గరికి పరిగెత్తింది.

నున్నటి బట్టతల వెనకవైపు, ఎండలో మెరుస్తూ, నవ్వుకు ఊగుతూ మలుపు తిరుగుతోంది.